నలుగురు మనుషులు, ఒకే బుర్ర, రెండు బస్తాల యూరియా

గొడవపడని టీం దేవుడిచ్చిన వరం. కాదనేవాళ్లు కాసేపు బయట నిలబడండి. లోపలికొస్తే మళ్లీ గొడవ మొదలవుతుంది.

ఈమధ్య నగరాల నుంచి ఒక కొత్త జబ్బు మన నల్గొండ జిల్లాకు పాకింది. సాఫ్ట్‌వేర్ టీం అంటే అందులో రకరకాల మనుషులు ఉండాలట. ఆడా మగా, ఊరూ తండా, భూమి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ కలవాలట. కలిసి ఊరుకోకూడదట, వాదించుకోవాలట! మొదటిదానికి డైవర్సిటీ అని పేరు. రెండోదానికి కాన్‌ఫ్లిక్ట్ అని పేరు. రెండూ సమపాళ్లలో పడితే ప్రాజెక్టు బాగా ఉడుకుతుందట.

నేనడుగుతాను. ఒకే మడిలో పది రకాల విత్తనాలు కలిపి చల్లుతామా? చల్లం కదా. మరి ఆఫీసులో ఎందుకు చల్లాలి?

అనుమానం ఉన్నవాళ్లు సూర్యాపేట రండి. ట్రాక్టర్ల షోరూం పైన రెండో అంతస్తులో వన్ మైండ్ టెక్నాలజీస్ అని బోర్డు కనబడుతుంది. యజమాని జగదీశ్, కోదాడ దగ్గర భూములున్న ఇంటి మనిషి. ఆయన కింద నవీన్, స్వయానా బామ్మర్ది. నవీన్ కింద ఇంకో ఇద్దరు, అతని పెదనాన్న కొడుకులు. వాళ్లిద్దరికీ పేర్లున్నాయి గానీ వాడే అవసరం రాలేదు. ఒకరిని పిలిస్తే నలుగురూ పలుకుతారు.

నలుగురిదీ ఒకే ఊరు. ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. హాస్టల్లో ఒకే గది. ఒకడికి ఆవులింత వస్తే నలుగురూ టీకి లేస్తారు. ఒకడు తప్పు చేస్తే మిగతా ముగ్గురూ అదే తప్పు, అదే చోట, అదే నమ్మకంతో చేస్తారు. ఇంత క్రమశిక్షణ మిలిటరీలో ఉందా?

వాళ్ల మీటింగు ఆరు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు మధ్యాహ్నం ఏం తెప్పించాలన్న చర్చ. అది కూడా చర్చ కాదు లెండి, నలుగురికీ చికెన్ బిర్యానీయే. మిగిలిన రెండు నిమిషాల్లో జగదీశ్ "ఓకేనా" అంటాడు. ముగ్గురూ తలలూపుతారు. ప్రాజెక్టు ఖరారు!

దీన్ని మిర్యాలగూడలో ఉన్న ఇంకో టీంతో పోల్చి చూడండి. ఆ టీంకు ఇంతవరకు పేరే లేదు. పేరు పెట్టుకుందామని కూర్చున్నప్పుడు గొడవైంది. టీం లీడరు పుష్పలత. పక్కన గేమ్యా, దామరచర్ల వైపు తండా నుంచి వచ్చినవాడు. రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు నిలబడే వరుసకు వాళ్లు సాఫ్ట్‌వేర్ చేశారు. ఎవరి వంతు వచ్చిందో పెద్ద టీవీ మీద చూపించాలని పుష్పలత అంది. డ్రైవరు ట్రాలీ కింద పడుకొని ఉంటాడు, వాడికి టీవీ ఎట్లా కనబడుతుంది, మైకులో పిలవాలని గేమ్యా అన్నాడు. పదకొండు రోజులు కొట్లాడుకున్నారు. ఒక కుర్చీ కాలు విరిగింది. నీళ్ల క్యాన్లు వేసే ఆయన క్యాను గుమ్మం బయటే పెట్టి పారిపోయేవాడు.

చివరికి మైకు పెట్టారు. ఏమైంది? ఆ రోజు నుంచి వాళ్లకు ఒక్క ఫోను లేదు. ఒక్క ఫిర్యాదు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ చేసిందెవరో మిల్లువాళ్లే మరిచిపోయారు. ఇదా పేరు తెచ్చుకోవడం?

అదే మన వన్ మైండ్ వాళ్ల పేరు ఇవాళ మూడు మండలాల్లో మోగుతోంది. ఎలా మోగిందో చెబుతాను.

ఇదే ఏడాది, రెండువేల పదమూడు వానాకాలం. యూరియాకు కరువు. మా సహకార సొసైటీ ముందు రైతులు తెల్లారకముందే వచ్చి, ఎండకు నిలబడలేక చెప్పులు లైన్లో పెట్టి గోడ నీడకు కూర్చునేవాళ్లు. చెప్పు ముందుకు జరిగితే మనిషి జరిగినట్టే లెక్క. ఒకరి చెప్పును ఇంకొకరు దాటేవాళ్లు కాదు. ఎవరు సేద్యం చేస్తే వాళ్ల చెప్పు అక్కడ ఉండేది. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

కారులో పోతూ ఆ చెప్పుల వరుస చూసిన జగదీశ్‌కు తల కొట్టేసినట్టయింది. ఈ కాలంలో చెప్పులేమిటి? మూడు మండలాల సొసైటీ కమిటీలను కలిశాడు. నెలలో కంప్యూటర్ టోకెన్ పెడతానన్నాడు. పట్టాదారు పాసుబుక్కు నంబరు కొడితే, టోకెన్ నేరుగా పట్టాదారు ఫోనుకు మెసేజ్‌గా వెళుతుంది. మెసేజ్ ఉన్న ఆ ఫోను రెండు గంటల్లో తెచ్చి చూపించాలి, బస్తాలు తీసుకోవాలి. లైను ఖతం!

కమిటీవాళ్లు అన్నీ ఒప్పుకొని చివర్లో ఒక్క మాట అడిగారు. "మీ కంపెనీలో ఆడవాళ్లున్నారా?"

వారం తిరగకుండా రజని ఉద్యోగంలో చేరింది. పెన్‌పహాడ్ మండలం పిల్ల. తండ్రి రామనర్సయ్య గొర్ల మందతో తిరుగుతాడు. తల్లి నాంచారమ్మ రెండెకరాలు కౌలుకు చేస్తుంది. రజని సూర్యాపేటలోనే ఎంసీఏ చదివింది. చేరిన రోజే ఫొటో తీశారు. మధ్యలో రజని, అటు ఇద్దరు ఇటు ఇద్దరు చేతులు కట్టుకొని. ఆ ఫొటో బ్రోచర్ మీద వేసి కింద 'భిన్నత్వమే మా బలం' అని అచ్చేశారు.

ఫొటో అయిపోయింది. ఇక ఆ పిల్లకేం పని ఇవ్వాలి? బటన్లు నొక్కి చూడమన్నారు. దాన్నే టెస్టింగ్ అంటారు. సహాయ కేంద్రం ఫోను కూడా ఆమె టేబుల్ మీదే పెట్టారు.

పాపం, ఆ పిల్లకు ఆఫీసు పద్ధతి తెలియదు. మొదటి మీటింగులోనే నోరు తెరిచింది.

"సార్, పాసుబుక్కు లేనోళ్లు ఏం జెయ్యాలె?"

జగదీశ్ నవ్వాడు. "పాసుబుక్ లేకుండా రైతు ఎక్కడుంటాడమ్మా?"

"మా ఇంట్ల ఉన్నది సార్. మా అమ్మ. కౌలుకు జేస్తది."

"పొలం ఎవరిది?"

"పురుషోత్తం సారుది. హైదరాబాద్‌ల ఉంటరు."

"అయితే రైతు ఆయనే కదా," అన్నాడు నవీన్. "మీ అమ్మగారు పని చేస్తారు. అది వేరే."

"ఆయన మా పొలం మొకం సూడక ఆరేండ్లయితాంది సార్. వరి ఏసినమా పత్తి ఏసినమా గూడ ఎరకలేదు."

"మీ పొలమా?"

"నోరు జారింది సార్. సారు పొలం."

"సర్కారిచ్చే కౌలు కార్డు తెచ్చుకోమను మరి."

"కార్డు అడిగితె కౌలే ఉండది సార్. రేపే ఇంకొకలకు ఇస్తరు."

"అది మీరూ ఆయనా తేల్చుకోవాల్సింది," అన్నాడు నవీన్. "మాకు మాత్రం డేటాలో ఉన్నోడే రైతు."

ఆ రోజు మీటింగు పద్నాలుగు నిమిషాలు నడిచింది. వన్ మైండ్ చరిత్రలో చీకటి దినం. బిర్యానీ చల్లారిపోయింది.

రజని అంతటితో ఊరుకుందా? సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనబడితే దాన్ని బగ్గు అంటారు. చూసినవాళ్లు దానికో నంబరు వేసి కంప్యూటర్లో రాస్తారు. చేసినవాళ్లు సరిదిద్దుతారు, లేదంటే ఇది తప్పు కాదని మూసేస్తారు. రజని నలభై ఒకటో బగ్గు రాసింది: 'కౌలుదారులకు టోకెన్ రాదు.' నవీన్ మూసేశాడు: 'తప్పు కాదు, డిజైనే అంత.' ఆమె మళ్లీ తెరిచింది. ఆయన మళ్లీ మూశాడు. ఇలా ఐదుసార్లు.

చివరికి జగదీశ్ పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడమ్మా రజనీ, నువ్వు మంచిదానివే. కానీ నువ్వొచ్చాక టీంలో ఒక రకమైన వేడి పుడతా ఉంది."

"ఏసీ పనిజేస్తలేదు సార్."

"అది కాదమ్మా. మనందరం ఒక్కటిగా ఉండాలి. ఊరికే వ్యతిరేకంగా మాట్లాడితే ఎట్టా?"

ఆ తర్వాత రజని మాట్లాడలేదు. ఇల్లు నడవాలంటే జీతం కావాలి. నెలాఖరుకు ఆమెకు 'బెస్ట్ టీం ప్లేయర్' అని సర్టిఫికెట్, స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు. చూశారా, నోరు మూసుకున్న నెలలోనే గుర్తింపు! వాదించేవాళ్లకు ఎప్పుడైనా టిఫిన్ బాక్సు వచ్చిందా?

ప్రాజెక్టు అనుకున్న తేదీకి పూర్తయింది. ప్రారంభం రోజు మా సొసైటీ గుమాస్తా ఫకీరా లైన్లో ఉన్న చెప్పులన్నీ ఖాళీ యూరియా సంచిలో ఎత్తాడు. అందులో నా జత కూడా ఉంది. అభివృద్ధి కోసం ఇంటిదాకా ఉత్త కాళ్లతో నడిచాను.

ఇక మెసేజులు మొదలయ్యాయి. మునగాల దగ్గర పొలం కౌలుకిచ్చి హైవే మీద డాబా నడుపుకునే ఆయనకు, రొట్టెలు కాలుస్తుండగా నాలుగు బస్తాల మెసేజ్ వచ్చింది. చనిపోయి నాలుగేళ్లయిన ఒక పెద్దమనిషి పేరు మీద మూడు బస్తాలు, రెండు గంటల్లో రమ్మని. పురుషోత్తం గారికి వనస్థలిపురంలో, బాల్కనీలో తులసి కుండీకి నీళ్లు పోస్తుండగా రెండు బస్తాలు. తులసికి రెండు బస్తాల యూరియా అంటే, ఆ మొక్క మూడో అంతస్తు దాటి పోయేది! ఇంత దూరదృష్టి ఏ గొడవల టీంకు ఉంటుంది?

ఇక్కడ పొలంలో నాంచారమ్మ వరి పిలకలు వేసే దశలో ఉంది. ఆ రెండు బస్తాలు ఆ పదిరోజుల్లో పడాలి. పడకపోతే ఈ ఏడాది తిండి గింజలు అనుమానమే. ఆమె పురుషోత్తం గారికి ఫోన్ చేసింది. రెండు బస్తాల కోసం హైదరాబాద్ నుంచి రావాలా అన్నాడాయన. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆమె సొసైటీకి వచ్చింది. కౌంటర్ దగ్గర నేనూ ఉన్నాను, చెప్పుల కోసం.

"పాసుబుక్కు నంబరు జెప్పక్కా," అన్నాడు ఫకీరా.

"నా తాన యాడుంటది?"

"అయితె కంప్యూటర్ల నువ్వు లేవు."

"గీడ నిలబడ్డ గద."

"నాకు కనబడుతున్నవ్ అక్కా. దానికి కనబడుతలేవ్. గా కాయితం మీద నంబరుంది, గాళ్లకు ఫోన్ జెయ్యి."

ఆమె దగ్గర ఫోన్లో బ్యాలెన్స్ లేదు. ఫకీరా తన ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నమస్కారం. యూరియా టోకెన్ సహాయ కేంద్రం. మీ పట్టాదారు పాసుబుక్ నంబరు చెప్పండి."

నాంచారమ్మ ఫోను వైపు వంగింది.

"రజనీ?"

అవతల నుంచి మెల్లగా, "అమ్మా."

"గిది జేసింది మీ ఆఫీసేనా?"

"ఆఁ."

"మనకు పాసుబుక్కు లేదని నీకెరికె గద బిడ్డా. జెప్పలేదా?"

"జెప్పిన. ఐదుసార్లు రాసిన."

"రాసుడేంది. కొట్లాడలేదా?"

"గీడ కొట్లాడద్దమ్మా."

"మోటరు కాడ నీళ్ల వంతుకు నేను దినాం కొట్లాడుత. కొట్లాడకుంటె మన మడికి నీళ్లొస్తయా? కుర్సీల గూసోని గదొక్కటి నేర్వకపోతివి."

ఫోను పెట్టేసింది. కౌంటర్ దగ్గర ఎవరం ఎవరి ముఖం చూడలేదు.

ఇప్పుడు మీరు అంటారు, ఒకే బుర్ర టీం ఎవరి మాటా వినదని. అబద్ధం! వింటుంది. ఎంత చక్కగా వింటుందో చూడండి.

నవీన్ వాళ్ల నాన్నకూ యూరియా రాలేదు. వాళ్ల పాసుబుక్కు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంది. మెసేజ్ తాతగారి పాత నంబరుకు పోయింది. ఆ నంబరు ఇప్పుడు ఖమ్మంలో ఎవరో బ్యూటీపార్లర్ ఆవిడ దగ్గర ఉందట. నాన్న ఫోన్లో నవీన్‌ను తిట్టాడు. నవీన్ టీ చల్లారకముందే సాఫ్ట్‌వేర్ మార్చేశాడు. పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉన్నా సరే, ఇంటివాళ్లెవరైనా వచ్చి బస్తాలు తీసుకోవచ్చు. ఊరు, పట్టాదారు పేరు చెబితే చాలు. 'పట్టాదారుకు మీరు ఏమవుతారు' అని కంప్యూటర్ అడుగుతుంది. కింద నాలుగు మాటలు: కొడుకు, కూతురు, కోడలు, మనవడు.

ఐదుసార్లు రాసినా దొరకని టైము ఒక్క ఫోనుకు దొరికింది. ఫోను రావాల్సిన ఇంటి నుంచి రావాలి, అంతే కదా!

మొదటిసారి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే పంతొమ్మిదో రోజు నాంచారమ్మ మళ్లీ కౌంటర్ ముందు నిలబడింది. అప్పటికే ఆకు పాలిపోయింది.

"ఇప్పుడు పాసుబుక్కు నీది గాకున్నా నడుస్తదక్కా," అన్నాడు ఫకీరా. "పురుషోత్తం సారుకు నువ్వేమైతవో జెప్పాలె."

"కౌలు అని కొట్టు."

"గండ్ల లేదు."

"ఉన్నయి సదువు."

ఫకీరా చదివాడు. నాంచారమ్మ నిదానంగా ఆలోచించింది.

"కొడుకును గాను. కూతురంటె ఆయనకు నాకు రెండేండ్లె తేడా. కోడలు అని కొట్టు."

"అక్కా, లొల్లయితది."

"కానీ. ఇన్ని దినాలు లొల్లి గాకనే గద గిట్లున్నది."

ఫకీరా కొట్టాడు. రెండు బస్తాలు ఆటోలో పడ్డాయి. నాంచారమ్మ వాటి మధ్యన కూర్చొని వెళ్లిపోయింది.

వనస్థలిపురంలో పురుషోత్తం గారి ఫోను ఆ సమయానికి ఆయన భార్య సుగుణమ్మ చేతిలో ఉంది. 'మీ కోడలు నాంచారమ్మ గారు రెండు బస్తాల యూరియా స్వీకరించారు. ధన్యవాదాలు.' వాళ్లకు ఒక్కడే కొడుకు. పెళ్లి కాలేదు. ఆ వారమే ఒక సంబంధంవాళ్లు ఇల్లు చూసి వెళ్లారు.

"ఈ నాంచారమ్మ ఎవరు?" అంది సుగుణమ్మ.

"మన పొలం జేసే ఆమె."

"పొలం జేసే ఆమె మనకు కోడలెప్పుడైంది?"

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. జగదీశ్‌కు ఫోను వచ్చినప్పుడు ఏం జరిగిందో మాత్రం తెలుసు. ఆయనే నలుగురిలో చెప్పుకొని బాధపడ్డాడు.

"ఏందయ్యా జగదీశ్," అన్నాడు పురుషోత్తం. "గొర్లు కాసేటోళ్ల ఇంటి ఆడామెను నాకు కోడల్ని జేస్తిరి. రేపు గదే కాయితం పట్టుకొని భూమిల వాటా అంటె ఎవరు బాధ్యులు?"

"తీసేస్తాం సార్. కానీ బస్తాలు ఇచ్చేశారు కదా, ఆ చోట ఏదో ఒకటి రాయాలి. ఏమని రాయమంటారు?"

"పనిమనిషి అని రాయి."

"పనిమనిషికి యూరియా ఎందుకిచ్చారని అడుగుతారు సార్."

జగదీశ్ ముగ్గురి వైపు చూశాడు. ముగ్గురూ జగదీశ్ వైపు చూశారు. నాలుగు బుర్రల్లో ఒకే ఖాళీ! గదిలో ఉన్న ఐదో మనిషిని అప్పుడు అడగాల్సి వచ్చింది.

"రజనీ, ఏం రాయొచ్చమ్మా?"

"నలభై ఒకటో బగ్గు తెరవుండ్రి సార్. అండ్ల రాసే ఉన్నది."

జగదీశ్ తెరిచాడు, చదివాడు. ఫోన్లో నెమ్మదిగా అన్నాడు, "సార్, కౌలుదారు అని రాయొచ్చట."

అవతల ఉన్నదెవరు? ఆరేళ్లుగా ఆ ఒక్క మాట ఏ కాగితం మీదికీ ఎక్కకుండా కాపాడుకున్న మనిషి మరి.

"వేరే ఏం లేదా?"

"కోడలుంది సార్."

"కౌలుదారనే రాయి."

అలా మా సొసైటీ కంప్యూటర్లో ఐదో మాట చేరింది. ఎవరూ వాదించలేదు. నవీన్ కూడా డిజైన్ ఊసెత్తలేదు. గొర్లవాళ్ల ఇంటి ఆడమనిషి రైతు కావచ్చునని ఒప్పుకోవడం కంటే, ఆమెతో వియ్యం తప్పించుకోవడం అందరికీ ముఖ్యమైంది. ఏకాభిప్రాయం అంటే ఇది!

జగదీశ్ ఇప్పటికీ గర్వంగా చెబుతాడు, మా ప్రాజెక్టు ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదని. నిజమే. ఆ ఆలస్యమంతా నాంచారమ్మ పొలంలో పడింది. ఆఫీసులో గంటసేపు కూర్చొని పడాల్సిన గొడవను ఆఫీసు పడనంటే, ఆ గొడవ ఊరికే పోదు. మెట్లు దిగి, బస్సెక్కి, సొసైటీ దాకా వచ్చి, మాట్లాడే హక్కు అందరికంటే తక్కువగా ఉన్న మనిషి నెత్తిన కూర్చుంటుంది. ఆ మనిషి కూతుర్ని ఫొటో మధ్యలో నిలబెట్టి బలం అని రాసుకున్నవాళ్లు, ఆ పిల్ల నోటిని కూడా ఆ బలంలో కలుపుకొని ఉంటే సరిపోయేది.

మొన్న అటువైపు వెళ్లినప్పుడు ఆ పొలం చూశాను. గట్టు పక్క ఎకరం కోలుకుంది, నల్లగా పచ్చగా ఉంది. రెండో ఎకరం కోలుకోలేదు. నాంచారమ్మ అందులో నిలబడి కలుపు తీస్తోంది. ఆ ఎకరానికి ఏ బగ్గు నంబరు వేయాలో వన్ మైండ్ వాళ్లను అడిగి చెప్పండి.